17 భాగాల స్థాయిలో గాంధారం కుదరడం లేదు

ప్రశ్న: నేను కల్పించిన ఒక జాతి జనం సంగీతానికి స్థాయిని (స నుంచి పై స వరకు) 17 సమభాగాలు చేశాను. పంచమం బాగుంది, గాంధారమే కలవడం లేదు. వాద్యాలు కంచు పలకలు.

జవాబు: మెట్టుకి 70.6 సెంట్లు (సెంటు అంటే స్థాయిలో 1200వ వంతు). పదో మెట్టు 705.9, శుద్ధ పంచమం 702 కాబట్టి సరిపోతుంది. గాంధారానికి 386 కావాలి, మీకున్నవి 353, 424. 22 సమభాగాలు చేస్తే ఏడో మెట్టు 382కి వస్తుంది. (సంప్రదాయ 22 శ్రుతులు వేరు, అవి సమభాగాలు కావు.)

జవాబు: మార్చడమెందుకు? 353నే ఆ జాతి గాంధారం చేసేయండి, అదే వాళ్ల ముద్ర. పైగా పలకలో మొదటి ఓవర్‌టోన్ (మూలస్వరంతో పాటే మోగే పై స్వరం) పౌనఃపున్యం మూలానికి 2.76 రెట్లు, తీగలోలా 2 రెట్లు కాదు. 386, 702 లాంటి తీగ లెక్కలు ఇక్కడ పనికిరావు.

జవాబు: పలకను రెండు కొసల నుంచీ పొడవులో 22 శాతం దూరంలో ఆనించండి, లేదంటే మోత చచ్చిపోతుంది. శ్రుతి దించాలంటే నడుమ అడుగున అరగదీయాలి, పెంచాలంటే కొసల్లో. అరగదీసిన వేడి చల్లారాకే కొలవండి, వేడి మీద శ్రుతి తక్కువ చూపిస్తుంది.