షేర్లు క్రిప్టోతో కొని అమ్ముకునే సైట్ పెడితే లీగల్‌గా ఎక్కడ ఇరుక్కుంటం?

కొండాపూర్_కోడర్:

అన్నలూ, జర సలహా కావాలె. నేను, ఇంకో ఇద్దరు దోస్తులు కలిసి వీకెండ్లల్ల ఒక సైట్ కడుతున్నం. సంగతేందంటే మన హైదరాబాద్‌ల చిన్న బిజినెస్‌లు మస్తున్నయ్, క్లౌడ్ కిచెన్లు, పీజీ హాస్టళ్లు, ఇద్దరు ముగ్గురు నడిపే సాఫ్ట్‌వేర్ కంపెనీలు, వీళ్లకి బ్యాంకు లోన్ ఇయ్యదు, ఇన్వెస్టర్లు మొహం కూడా చూడరు. వాళ్లు కంపెనీల కొంత వాటాని టోకెన్లు, అంటే డిజిటల్ ముక్కలు, చేసి మా దగ్గర లిస్ట్ చేస్తరు, జనం యూఎస్‌డీటీతోనో (డాలర్ విలువకి కట్టిన క్రిప్టో) బిట్‌కాయిన్‌తోనో కొంటరు, తర్వాత వాళ్లల్ల వాళ్లే అమ్ముకుంటరు, లాభం వస్తే డివిడెండ్ డైరెక్ట్ వాలెట్‌కే పోతది. మాకు ట్రేడ్ మీద అర శాతం.

మేం రూపాయి ముట్టుకోం, అంతా క్రిప్టోనే, మరి షేర్ మార్కెట్‌ని చూసే సెబీ, ఆర్‌బీఐ మా జోలికి ఎందుకొస్తయ్? సుప్రీంకోర్టు 2020ల క్రిప్టో ఓకే అన్నది గదా. ఇంకోటి, కేవైసీ పెట్టొద్దనుకుంటున్నం, ఈమెయిల్ ఉంటే చాలు. ఎగ్గొట్టనీకి కాదు, నిజంగనే నాకు ప్రైవసీ మీద పట్టింపు ఉంది, వందల మంది ఆధార్ కాపీలు మా సర్వర్ల పెట్టుకుని రేపు లీకైతే ఎవడు జవాబు చెప్తడు. సర్వర్ బయటి దేశంల పెడతం, అవసరమైతే కంపెనీ దుబాయ్‌ల రిజిస్టర్ చేస్తం. మా దోస్తేమో కింద ఒక డిస్‌క్లెయిమర్ పెడితే అయిపోతది అంటుండు. తెలిసినోళ్లు చెప్పుండ్రి.

సీఎస్_హిమాయత్‌నగర్:

కంపెనీ సెక్రటరీగా ప్రాక్టీస్ చేస్తున్నాను, ఇలాంటి ఐడియాతో కుర్రాళ్లు ఆఫీసుకి వస్తూనే ఉంటారు కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను, కోపం తెచ్చుకోకండి.

ముందు ఆ 2020 తీర్పు సంగతి. 2018 ఏప్రిల్‌లో ఆర్‌బీఐ ఒక సర్క్యులర్ ఇచ్చింది, క్రిప్టో వ్యాపారం చేసేవాళ్లకి బ్యాంకులు సర్వీసులు ఇవ్వకూడదని. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టేసింది ఆ సర్క్యులర్‌ని, అంతే. షేర్లు టోకెన్లుగా అమ్ముకోవచ్చని అందులో ఎక్కడా లేదు, ఆ ప్రశ్నే అక్కడ రాలేదు. ఆ ఒక్క తీర్పుని పట్టుకుని అన్నింటికీ పర్మిషన్ వచ్చేసిందనుకునేవాళ్లు ఎంతమందో.

మీరు అమ్మించేది కంపెనీలో వాటా. దాన్ని టోకెన్ అనండి, కాయిన్ అనండి, మెంబర్‌షిప్ అనండి, లాభంలో భాగం వస్తుంది, చేతులు మారుతుంది, అంటే సెక్యూరిటీ కిందే చూస్తారు. దాన్ని దేనితో కొన్నారు అన్నది ఆ తర్వాత ప్రశ్న. 1956 నాటి సెక్యూరిటీస్ కాంట్రాక్ట్స్ చట్టం ప్రకారం కేంద్రం గుర్తింపు లేకుండా స్టాక్ ఎక్స్ఛేంజ్ నడపకూడదు, సెక్షన్ 19 అదే. సెక్షన్ 23 చూడండి, పదేళ్ల దాకా జైలు, లేదా 25 కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ. మీ దోస్త్ చెప్పిన డిస్‌క్లెయిమర్ దీని ముందు ఎంతసేపు నిలబడుతుందో మీరే ఆలోచించండి.

ఇంక మీ దగ్గర లిస్ట్ అయ్యేవాళ్ల కథ. ప్రైవేట్ లిమిటెడ్ అంటేనే షేర్ల బదిలీ మీద ఆంక్షలు ఉండాలి, పబ్లిక్‌ని పిలవకూడదు, సభ్యులు 200 దాటకూడదు. కొత్త షేర్లు ఇవ్వాలంటే కంపెనీల చట్టం సెక్షన్ 42, ప్రైవేట్ ప్లేస్‌మెంట్. ఏడాదికి 200 మంది లోపు, ఎవరికి ఇస్తున్నారో పేరు పేరునా ఆఫర్ లెటర్, యాడ్స్ వేయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, డబ్బు చెక్కు, డీడీ లేదా ఇంకేదైనా బ్యాంకు మార్గంలోనే రావాలి. యూఎస్‌డీటీ ఏ బ్యాంకు మార్గం? మీ మోడల్ ఇక్కడే ఆగిపోయింది, ఇంక సెబీ దాకా వెళ్లక్కర్లేదు కూడా. తప్పు చేస్తే కంపెనీతో పాటు ప్రమోటర్లు, డైరెక్టర్ల మీద పడుతుంది, వసూలు చేసినంత లేదా 2 కోట్లు, రెండిట్లో ఏది తక్కువైతే అది పెనాల్టీ, ఇన్వెస్టర్ల డబ్బు వడ్డీతో సహా వెనక్కి. ఆ క్లౌడ్ కిచెన్ ఆయన మిమ్మల్ని నమ్మి వస్తాడు, ఇరుక్కునేది మీకంటే ముందు ఆయనే.

పీజీ హాస్టల్ అంటే మామూలుగా ప్రొప్రైటర్‌షిప్పే, అసలు షేర్లే ఉండవు. పది మంది డబ్బు పోగేసి ఆయన నడిపి లాభం పంచితే కలెక్టివ్ ఇన్వెస్ట్‌మెంట్ స్కీమ్ అనొచ్చు, నెలకింత గ్యారంటీ అని నోరు జారితే 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం ఉంది. రెండూ క్రిమినల్ దాకా పోయేవే.

పాత_మైనర్:

మేడం మన చట్టం చెప్పిన్రు, నేను కథ చెప్తా. ఇది కొత్త ఐడియా కాదు తమ్మీ, 2011, 12ల మేం గ్రాఫిక్ కార్డులతోటి మైనింగ్, అంటే కంప్యూటర్లు నడిపి బిట్‌కాయిన్లు సంపాదించుడు, చేసే రోజులల్లనే గ్లోబల్ బిట్‌కాయిన్ స్టాక్ ఎక్స్ఛేంజ్ అని ఒకటి ఉండె. మైనింగ్ కంపెనీల షేర్లు, బాండ్లు, ఏదేదో, అంతా బిట్‌కాయిన్‌లనే, పేరు ఊరు అడిగెటోడు లేడు. 2012 అక్టోబర్‌ల ఉన్నట్టుండి బంద్. అప్పుడు మొదలైంది అసలు తమాషా, ఎవని దగ్గర ఏ షేరు ఎంతుందో ఆ లిస్టు సైట్ నడిపెటోళ్ల దగ్గరనే ఉంది, అది షేర్లు ఇష్యూ చేసినోళ్లకి చేరాలె, జనం ఎవరికి వాళ్లు ముందుకొచ్చి ఇది నాది అని క్లెయిమ్ పెట్టుకోవాలె. పేరు చెప్పకుండా కొన్నోడు తన షేర్ తనదే అని ఎట్ల నిరూపిస్తడు? కాయిన్ అయితే కీ, అంటే దాని రహస్య కోడ్, నీ దగ్గరుంటే చాలు, ఎవన్నీ అడిగే పని లేదు. షేర్ అట్ల కాదు, అవతల ఒక మనిషి నీకు డివిడెండ్ ఇయ్యాలె, ఇయ్యకపోతే కోర్టుకు పోవాలె, కోర్టుల ఈమెయిల్ ఐడీ నిలబడి కేసు వెయ్యదు గదా. నీ ప్రైవసీ ఐడియాల ఈ గుంత ఉంది చూసుకో.

తర్వాత ఇంకో సైట్, బీటీసీటీ, దాంతోపాటు లైట్‌కాయిన్ అనే ఇంకో క్రిప్టోది ఒకటి, రెండూ 2013ల మూసుకున్నయ్. మూసుకున్నా వదల్లే, 2014 డిసెంబర్‌ల అమెరికా ఎస్‌ఈసీ (మన సెబీ లెక్క) ఆ రెండూ నడిపిన ప్రోగ్రామర్ మీద ఆర్డర్ ఇచ్చింది, రిజిస్టర్ కాని ఎక్స్ఛేంజ్ నడిపినందుకు, రిజిస్టర్ కాని బ్రోకర్‌గ పనిచేసినందుకు. 68 వేల డాలర్ల పైన కట్టిండు. విచారణకి సహకరించిండని గంతల పోయింది. అదే ఏడాది జూన్‌ల ఎరిక్ వోర్హీస్, సతోషీడైస్ అనే బిట్‌కాయిన్ జూదం సైట్ షేర్లని బిట్‌కాయిన్ తీసుకుని అమ్మినాయన, 50 వేల డాలర్ల పైన కట్టిండు. డాలర్ ఒక్కటి తీసుకోలే, అంతా బిట్‌కాయిన్‌లనే, అయినా సెక్యూరిటీనే అన్నరు. నువ్వడిగిన "రూపాయి ముట్టుకోం" ప్రశ్నకి పదేళ్ల కిందనే జవాబొచ్చింది.

బిట్‌ఫండర్ అని ఇట్లాంటి ఇంకో సైట్ కథ వేరే లెవెల్. 2013ల హ్యాకర్లు సుమారు 6,000 బిట్‌కాయిన్లు ఎత్తుకపోయిన్రు, నడిపెటోడు చెప్పలే, వెబ్‌సైట్ల బ్యాలెన్సులు మామూలుగనే చూపెట్టుకుంట కొత్తోళ్ల డబ్బులు తీసుకుంటనే ఉన్నడు, ఎస్‌ఈసీ పిలిచి అడిగితే ప్రమాణం చేసి మరీ అబద్ధం చెప్పిండు. 2018ల అరెస్ట్, 2019ల 14 నెలల జైలు. లైసెన్స్ లేనందుకు కాదు సుమీ, అబద్ధం చెప్పినందుకు. జనం పైసలు నీ వాలెట్ల ఉన్నప్పుడు హ్యాక్ అయితే నువ్వేం చేస్తవో ఇప్పుడే రాసి పెట్టుకో, ఆ రోజు రాత్రి మూడింటికి బుర్ర పనిచెయ్యదు.

లాగ్_ఫైల్:

నేను కంప్లయన్స్ టెక్ సైడ్ పనిచేస్తా, ప్రైవసీ గురించి మీరడిగింది మంచి ప్రశ్నే, జవాబే మీకు నచ్చదు.

2023 మార్చి 7 నుంచి క్రిప్టో మార్పిడి, ట్రాన్స్‌ఫర్, కస్టడీ (జనం క్రిప్టోని తమ దగ్గర దాచడం) చేసేవాళ్లందరూ మనీలాండరింగ్ నిరోధక చట్టం కింద రిపోర్టింగ్ ఎంటిటీలు. కేంద్రం ఆర్థిక నిఘా విభాగం ఎఫ్‌ఐయూలో రిజిస్టర్ అవ్వాలి, కేవైసీ తీసుకోవాలి, అనుమానం వచ్చిన లావాదేవీలు రిపోర్ట్ చేయాలి, రికార్డులు ఐదేళ్లు దాచాలి. దుబాయ్‌లో కంపెనీ పెడితే తప్పించుకుంటాం అంటున్నారు కదా, 2023 డిసెంబర్‌లో బైనాన్స్, కుకాయిన్ లాంటి తొమ్మిది విదేశీ ఎక్స్ఛేంజీలకి నోటీసులు ఇచ్చి ఇక్కడ వాటి సైట్లు ఆపించారు, ఆఫీస్ ఎక్కడుంది అని చూడరు, ఇక్కడి జనానికి సర్వీస్ ఇస్తున్నావా అనే చూస్తారు. బైనాన్స్ అంతటిది రిజిస్టర్ అయ్యి 2024లో 18.82 కోట్ల జరిమానా వేయించుకుంది. మీ ముగ్గురూ కొండాపూర్‌లో కూర్చుని కోడ్ పుష్ చేస్తుంటే దుబాయ్ పేపర్ ఏం కాపాడుతుంది.

దానిపైన కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌ఇన్ 2022 ఆదేశాలు, ఏదైనా సైబర్ ఘటన జరిగితే తెలిసిన 6 గంటల్లో చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. డేటా లీక్ భయం అన్నారు, కరెక్టే, 2023 డేటా రక్షణ చట్టంలో భద్రత సరిగ్గా పెట్టకపోతే 250 కోట్ల దాకా పెనాల్టీ ఉంది. అంటే ఒక చట్టం తీసుకో అంటుంది, ఇంకోటి తీసుకుంటే జాగ్రత్తగా చూసుకో లేకపోతే చంపుతా అంటుంది. మధ్యలో మనం.

కానీ తీసుకోకపోవడం ఒక్కటే ప్రైవసీ కాదు. ఆధార్ అయితే మాస్క్ చేసిందే తీసుకోవచ్చు, చివరి నాలుగు అంకెలే కనబడతాయి. గుర్తింపు డేటాబేస్ వేరు, ట్రేడింగ్ డేటాబేస్ వేరు, రెండిటినీ కలిపే కీ మూడోచోట, డెవలపర్లకి దాని యాక్సెస్ ఉండకూడదు, మీ ముగ్గురితో సహా. బ్లాక్‌చైన్ (అందరికీ కనబడే క్రిప్టో లావాదేవీల పుస్తకం) మీద పేరు గానీ ఫోన్ నంబర్ గానీ, వాటి హ్యాష్ (వాటి నుంచి లెక్కగట్టిన కోడ్) కూడా పెట్టకండి, పది అంకెల ఫోన్ నంబర్ హ్యాష్‌ని మామూలు ల్యాప్‌టాప్ మీద అన్ని నంబర్లూ ట్రై చేసి కనుక్కోవచ్చు. చైన్ మీద ఒకసారి రాసింది రేపు యూజర్ తీసేయమంటే తీయలేరు. పైగా ఈమెయిల్ మాత్రమే అంటున్నారు గానీ వాలెట్ అడ్రస్ ఎక్స్ఛేంజ్ నుంచి వచ్చి ఉంటే ఆ ఎక్స్ఛేంజ్ దగ్గర పాన్ ఉంటుంది, ఎవరెవరు ఎంత పెట్టారో అంతా పబ్లిక్‌గా కనబడుతుంది. అసలు ప్రైవసీ మీ దగ్గర లేదు, ఉందని భ్రమ ఉంది.

బాలానగర్_బాబాయ్:

ఇంత పెద్ద చట్టాలు నాకు తెల్వదు గానీ మా బామ్మర్దిది చెప్తా. కూకట్‌పల్లిల ఉంటడు, పీ2పీల, అంటే మనిషికి మనిషి నేరుగా, యూఎస్‌డీటీ అమ్మిండు, కొన్నోడు రూపాయలు అకౌంట్‌ల వేసిండు, అంతా మంచిగనే ఉంది. తర్వాత చూస్తే అకౌంట్ ఫ్రీజ్. బ్యాంకుకు పోతే మేనేజర్ ఒక ప్రింటవుట్ ముందట పెట్టిండు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎవరో ఫిర్యాదు చేసిన నంబరు, వేరే రాష్ట్రం సైబర్ పోలీస్ స్టేషన్ ఈమెయిల్, అంతే, మేమేం చెయ్యలేం మీరే వాళ్లతోని మాట్లాడుకోండి అన్నడు. కొన్నోడు వేసిన పైసలు ఎవన్నో మోసం చేసి కొట్టేసినయంట. ఈఎంఐ బౌన్స్, జీతం కూడ అదే అకౌంట్. మీ సైట్ల కొనెటోడు ఆ యూఎస్‌డీటీ యాడికెళ్లి తెచ్చిండో మీకెట్ల తెలుస్తది బిడ్డా, రేపు ఆ నోటీసు మీ పేరు మీద వస్తది.

ట్యాక్స్_పిచ్చోడు:

ఎవరూ పన్ను మాట ఎత్తలేదేంటి. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం, నష్టాన్ని దేనితోనూ సర్దుకోవడానికి లేదు. అదే ఏడాది జులై నుంచి 1 శాతం టీడీఎస్. యూఎస్‌డీటీ ఇచ్చి మీ టోకెన్ కొంటే, అక్కడ యూఎస్‌డీటీ అమ్మినట్టే లెక్క, టోకెన్ కూడా వర్చువల్ ఆస్తే అని తేలితే రెండు వైపులా టీడీఎస్ మాట వస్తుంది. మీ కమీషన్ అర శాతం, టీడీఎస్ దానికి డబుల్. వాటాలు రోజూ చేతులు మారితేనే కదా మీకు ఆదాయం, నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి ట్రేడర్ డబ్బు అక్కడే ఇరుక్కుంటుంది, వాడు రీఫండ్ కోసం రిటర్న్ వేసుకుని కూర్చోవాలి. బిజినెస్‌గా కూడా నడవదు బాసూ.

కొండాపూర్_కోడర్:

అమ్మో. అందరికీ థ్యాంక్స్, నిజంగ. సీఎస్ మేడం, ఒక్కటి అడుగుతా, మేం కస్టడీ తీసేసి, ట్రేడింగ్ తీసేసి, ఊరికె కొనెటోళ్లని అమ్మెటోళ్లని కలిపే నోటీస్ బోర్డు లెక్క నడిపితే? పైసలు వాళ్లల్ల వాళ్లే ఇచ్చుకుంటరు.

సీఎస్_హిమాయత్‌నగర్:

మంచి ప్రయత్నమే గానీ, 2024 డిసెంబర్‌లో సెబీ ఒక హెచ్చరిక ఇచ్చింది, లిస్ట్ కాని కంపెనీల షేర్లలో లావాదేవీలు చేయించే ఆన్‌లైన్ ప్లాట్‌ఫాంల గురించే, అవి చట్ట విరుద్ధం, ఇన్వెస్టర్లు దూరంగా ఉండండి అని. అందులో క్రిప్టో కూడా లేదు, మామూలు రూపాయల ప్లాట్‌ఫాంల మీదే. బోర్డు పెట్టి, రేట్లు చూపించి, కమీషన్ తీసుకుంటే పేరు ఏదైనా ఒకటే.

మీ చేతిలో పని ఉంది కదా, దాన్ని వేరే వైపు తిప్పండి. చిన్న ప్రైవేట్ కంపెనీలు కాకుండా మిగతా ప్రైవేట్ కంపెనీలు దాదాపు అన్నీ ఇప్పుడు షేర్లు డీమ్యాట్‌లో (ఎలక్ట్రానిక్ రూపంలో) పెట్టాల్సిందే, గడువు 2025 జూన్‌తో అయిపోయింది, నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి తమ షేర్ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో కూడా తెలీదు, రిజిస్టర్ ఎక్సెల్‌లో, అదీ పాత అకౌంటెంట్ ల్యాప్‌టాప్‌లో. వాటాదారుల రిజిస్టర్, బోర్డు తీర్మానాలు, ఆఫర్ లెటర్లు, 200 మంది లెక్క దాటకుండా చూసే సాఫ్ట్‌వేర్ కట్టండి, నెలకింత అని రూపాయల్లో తీసుకోండి. లైసెన్స్ అక్కర్లేదు. టోకెన్లే చేయాలనుంటే గుజరాత్ గిఫ్ట్ సిటీలో అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ ఐఎఫ్‌ఎస్‌సీఏ 2025 ఫిబ్రవరిలో ఆస్తుల టోకనైజేషన్ మీద కన్సల్టేషన్ పేపర్ పెట్టింది, అది చదవండి, కానీ అది ముగ్గురు వీకెండ్లలో చేసే ఆట కాదు.

డొమైన్ కొనేశారా? ఇప్పటికే ఎవరి దగ్గరైనా యూఎస్‌డీటీ తీసుకుని ఉంటే మాత్రం ఇక్కడ రాయకండి, ముందు ఒక లాయర్‌ని కలవండి.

కొండాపూర్_కోడర్:

డొమైన్ ఒక్కటే కొన్నం మేడం, టెస్ట్‌నెట్ (ఉత్తుత్తి కాయిన్లతోటి పరీక్షించే చోటు) దాటలే. ఎవరి దగ్గర పైసా తీసుకోలే. ఆ వాటాదారుల రిజిస్టర్ సంగతి మీకు మెసేజ్ పెడతా, ఎక్సెల్ ఫార్మాట్ ఒకటి శాంపిల్ పంపుతరా, పేర్లు తీసేసి.