పాపికొండల్లో 45.72 మీటర్ల గీత: ఫోన్ మైనస్ చూపిస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న (గోదారి గట్టు):
మా ఊరు పోలవరం ముంపులో పోయింది, ఇప్పుడు కాలనీలో ఉంటున్నాం. ఊరి వెనక కొండ వాలులో మా తాత నాటిన చింతచెట్టు ఒకటి ఇంకా నిలిచే ఉంది. డ్యామ్ పూర్తి మట్టం 45.72 మీటర్లకి నింపితే అది మునుగుతుందా అని మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో కాంటూర్లు (ఒకే ఎత్తును కలిపే గీతలు) గీశాను. నాసా ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల డేటాలో చెట్టు దగ్గర 58 మీటర్లు వచ్చింది. పడవలో వెళ్లి ఫోన్‌లో చూస్తే మైనస్ 23! ఏది నమ్మాలండీ?

పాత సర్వేయర్:
రెండూ నమ్మకండి బాబూ. ఫోన్ తప్పేం లేదు, అది సముద్రమట్టం నుంచి కొలవదు. జీపీఎస్‌కి భూమి అంటే లెక్కల్లో గీసిన ఓ నున్నటి గుండు. మన తీరంలో సముద్రమే ఆ గుండుకి 70 మీటర్లకు అటూఇటూగా కిందుంటుంది. అది కలిపితే 47 దగ్గర. ఫోన్ ఎత్తులో పది మీటర్ల తేడా మామూలే కాబట్టి ఏమీ తేలలేదన్నమాట.

ఎస్‌ఆర్‌టీఎం 2000 ఫిబ్రవరిలో రాడార్‌తో తీసింది. అడవిలో ఆ రాడార్ నేల దాకా దిగదు, కొమ్మల్లోనే ఆగుతుంది. మీ 58లో చెట్టు ఎత్తు కూడా కొంత కలిసి ఉండొచ్చు! నా ఉద్యోగం రోజుల్లో మా సహాయకుడు చెయిన్‌మన్ కత్తితో వెదురు కొట్టి దారి తీస్తే గానీ స్టాఫ్ (కొలతల కర్ర) మీద అంకె కనపడేది కాదు.

మ్యాప్ పిచ్చోడు:
సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్ చూడొచ్చుగా?

పాత సర్వేయర్:
అందులో కాంటూర్లు 20 మీటర్లకొకటి. 40 ఉంటుంది, 60 ఉంటుంది, మధ్యలో మనం ఊహించుకోవాలి. డ్రోన్ నుంచి లేజర్‌తో కొలిచే లైడార్ అయితే ఆకుల సందుల్లోంచి నేలని పట్టుకుంటుంది. కానీ పాపికొండల అడవి 2008 నుంచి నేషనల్ పార్క్, అటవీశాఖ అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకండి.

ఇంకోటి. వరదలో నీళ్లు బల్లపరుపుగా నిలబడవు. డ్యామ్ దగ్గర 45.72 ఉన్నా, ఎగువకి పోయేకొద్దీ మట్టం లేస్తుంది. చెట్టు 47లో ఉన్నా గట్టెక్కినట్టు కాదు. దగ్గర్లో ముంపు సర్వే రాయి ఏదైనా ఉందా?

గోదారి గట్టు:
ఉంది మాస్టారూ, చెట్టుకి కాస్త కింద.

పాత సర్వేయర్:
మరింకేం! తాపీమేస్త్రీ మట్టం చూసే నీళ్ల ట్యూబు పట్టుకెళ్లి, రాయి కంటే చెట్టు మొదలు ఎంత ఎత్తులో ఉందో కొలవండి. రాయి మీద ఏ మట్టం రాశారో ముందు చూసుకోండి.

గోదారి గట్టు:
ఆదివారం మా బామ్మర్దితో వెళ్తున్నా. ఈ ఏడు కాయ విరగకాసింది, గోనెసంచి కూడా తీసుకెళ్తాం.