మిర్చి తేమ మీటర్: పిచ్‌కి ముందే కంపెనీ పెట్టాలా?

ఘాటుకాయ:
గుంటూరులో బీటెక్ ఫైనలియర్, ముగ్గురం. ఎండుమిర్చి తేమ కొలిచే చేతి మీటర్ చేస్తున్నాం. మిర్చి యార్డులో కాయ నలిపి, గలగల విని తేమ చెప్పేస్తారు కదా, అక్కడ ఒక అంకె చూపించాలని ఆలోచన. వచ్చే నెల కాలేజీ ఇంక్యుబేషన్ సెంటర్లో (కొత్త కంపెనీలకు చోటు, సాయం ఇచ్చేది) 5 నిమిషాల పిచ్, అంటే మా ఆలోచన చెప్పి ఒప్పించాలి. ప్రైవేట్ లిమిటెడ్ పెట్టి వెళ్తే విలువిస్తారంటున్నారు. నిజమేనా? కాలేజీకి కంపెనీలో వాటా ఇవ్వాలా?

బందరు కాలవ:
వద్దు తమ్ముడూ. రిజిస్టరైన రోజు నుంచే గడియారం తిరుగుతుంది. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో ప్రోటోటైప్‌కి (తొలి నమూనాకి) 20 లక్షల దాకా గ్రాంటు ఉంది, కానీ దరఖాస్తు నాటికి కంపెనీ వయసు 2 ఏళ్లు దాటకూడదు. పరీక్షలు, ప్లేస్‌మెంట్ల గొడవలో ఏడాది ఇట్టే పోతుంది. పైగా రూపాయి అమ్మకం లేకపోయినా ఏటా ఆడిట్ తప్పదు. రిజిస్టరైన 180 రోజుల్లోపు షేర్ల డబ్బు ఖాతాలో వేసి ఐఎన్‌సీ-20ఏ (వ్యాపారం మొదలుపెడుతున్నామని చెప్పే ఫారం) ఫైల్ చేయకపోతే కంపెనీకి 50 వేల జరిమానా. స్టూడెంట్ కంపెనీలు ఎక్కువగా ఇక్కడే మునుగుతాయి.

ముందు నిధి ప్రయాస్ అనే కేంద్ర ప్రభుత్వ గ్రాంటు చూడండి. 10 లక్షల దాకా ఇస్తారు, వ్యక్తిగానే పెట్టుకోవచ్చు. చేతికి తగిలే వస్తువుకే, ఒట్టి యాప్‌కి కాదు. మీ మీటర్ సరిపోతుంది. మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ కూడా ఉంది, వెళ్లి కనుక్కోండి.

కొత్తపేట లాయర్:
వాటా సంగతి. 2019 జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ పాలసీ ప్రకారం కాలేజీ 2 నుంచి 9.5 శాతం దాకా తీసుకోవచ్చు. ఒట్టి టేబులు, వైఫై ఇచ్చి 9.5 అడిగితే బేరమాడండి. ల్యాబు, కాలేజీ డబ్బు గట్టిగా వాడితే పేటెంటులో ఉమ్మడి హక్కు వస్తుంది, కాబట్టి ఏ విడిభాగం ఎవరి డబ్బుతో కొన్నారో బిల్లులు దాచండి. మేజర్ ప్రాజెక్టుకు బదులు స్టార్టప్ పనే చూపించే వీలూ ఆ పాలసీలో ఉంది, మీ కాలేజీ అమలు చేస్తోందో లేదో అడగండి.

పిచ్‌కి ముందే ప్రొవిజనల్ పేటెంట్ (తొలి దరఖాస్తు) వేయండి. ఆన్‌లైన్లో వ్యక్తులకు 1,600 రూపాయలు, పూర్తి స్పెసిఫికేషన్‌కి (వివరాలన్నీ ఉన్న పత్రానికి) 12 నెలల గడువు. అందరి ముందూ సర్క్యూట్ చూపించాక వేస్తే కొత్తదనం పోయినట్టే.

కల్లం కబుర్లు:
కాగితాల కన్నా మీటరే మిమ్మల్ని ముంచుతుంది. కెపాసిటివ్ సెన్సారేనా (రెండు పలకల మధ్య విద్యుత్ మార్పుతో తేమ పట్టేది)? అదే కాయ వదులుగా పోస్తే ఒక అంకె, తట్టి పోస్తే ఇంకొకటి. మధ్యలో గాలి ఉంటుంది కదా. తొడిమ తీసి, పొడి చేసి, ప్రతిసారీ ఒకే బరువు ఒకే కప్పులో ఒకే ఒత్తిడితో నొక్కండి. ఉష్ణోగ్రత సెన్సార్ తప్పనిసరి, ఏప్రిల్ ఎండలో రీడింగ్ జరుగుతుంది.

క్యాలిబ్రేషన్‌కి (మీటర్ అంకె సరిచూడటానికి) ఓవెన్లో ఆరబెట్టి తూచడం ఒక్కటే నమ్మకండి. మిర్చిలో ఆవిరయ్యే నూనెలు కూడా తేమ లెక్కలో పడతాయి. టోలుయీన్ డిస్టిలేషన్ (నీటిని విడిగా రాబట్టి కొలిచే పద్ధతి) చేసే ల్యాబులో 8 నుంచి 16 శాతం మధ్య కనీసం 5 శాంపిళ్లు సరిచూడండి. ఇంకోటి, కాయ విరగకుండా టిక్కీ (మిర్చి బస్తా) కట్టే ముందు నీళ్లు చల్లుతారు. పైతడి సెన్సార్‌ని ఎగరేస్తుంది. శాంపిల్ మూతపెట్టి ఒక రోజు ఉంచాక కొలవండి.

ఘాటుకాయ:
ఒక రోజా! వేలం అప్పటిదాకా ఆగదు కదా అన్నా.

కల్లం కబుర్లు:
ఆగదు. పిచ్‌లో మొదటి ప్రశ్న అదే వస్తుంది. యార్డు వదిలి కోల్డ్ స్టోరేజీకి అమ్ముతామనండి. అక్కడ సరుకు దించే ముందు రోజే శాంపిల్ తెప్పించుకోవచ్చు, తేమ ఎక్కువైతే బూజు నష్టం ఎవరి నెత్తిన పడుతుందో వాళ్లకి తెలుసు.