అప్‌డేట్: తిరుపతి ఖాళీ స్థలాలపై గుంపుగా ఎగిరే పసుపు తూనీగ ఏదో తేలింది

వాన వెలిసిన సాయంత్రాల్లో వాలకుండా తిరిగే పసుపు తూనీగ ఏ జాతిదని అడిగాను కదా, అది పాంటలా ఫ్లావెసెన్స్. ఒంటి పొడవు సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు. పొట్ట బంగారు పసుపు, చివరి ఖండాల పైన నల్ల మచ్చలు. తేల్చేది మాత్రం వెనక రెక్క. ఒంటికి అతుక్కునే మొదట్లో బాగా వెడల్పు. ఎక్కువ సేపు గాలిలో తేలడానికి అదే ఆధారం. ఆ మొదట్లోనే ముదురు ఎరుపు-గోధుమ పట్టీ ఉంటే అది ట్రామియా అనే వేరే తూనీగ. ఎగిరేటప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి, అందుకే ఫోటో వాలినప్పుడే తీయాలి. పాంటలా పుల్లకు నిలువుగా వేలాడుతుంది, కాబట్టి పొదల కింది కొమ్మలు వెతకండి. రంగును నమ్ముకుంటే పొరపాటే, ముదిరిన మగవి ఎర్రబడతాయి.

వ్యాప్తి అంటారా, అంటార్కిటికా తప్ప అన్ని ఖండాలూ. ఐరోపాలో మాత్రం అరుదు. హిమాలయాల్లో 6,000 మీటర్లు దాటిన ఎత్తులోనూ కనిపించింది. వాన గుంటల్లో గుడ్లు పెడుతుంది, పిల్లపురుగు ఆరేడు వారాల్లోనే రెక్కలు తొడుగుతుంది. గుంట అంతకుముందే ఎండితే ఆ తరం పోయినట్టే. అక్టోబరు నుంచి మాల్దీవుల్లో గుంపులుగా దిగేవి ఇవే. అక్కడి నుంచి తూర్పు ఆఫ్రికాకు వెళ్తాయని 2009లో జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ ప్రతిపాదించారు. మన చిత్తూరు వైపు చెరువు గట్ల మీద కదలకుండా కూర్చునేవి వేరే జాతులు, వాటిని ఇందులో కలపొద్దు.