సింగిల్ స్టేటస్‌కు ‘ప్రాణేశ నీ మంజుభాషలు’ సరిపోతదా?

ప్రశ్న (హన్మకొండ): ప్రేమ సినిమా ఏదన్నా ఆడుతున్నదంటే చాలు, స్టేటస్‌లల్ల పోతన పద్యం ప్రత్యక్షం. ‘ప్రాణేశ నీ మంజుభాషలు వినలేని కర్ణరంధ్రంబుల కలిమి యేల’ అని పైన, ‘ఇంకా సింగిలే’ అని కింద. ఈ రెండూ పొసుగుతయా?

పాలకుర్తి: ముందు అర్థం చూద్దాం. ఇక్కడ ‘కలిమి’ అంటే సంపద కాదు, కలిగి ఉండటం. నీ మాట వినలేని చెవులు ఉండి ఎందుకు అని. తర్వాతి పాదాలల్ల ‘పొడగాను’ అంటే చూచు, ‘ఆను’ అంటే తాగు, ‘అబ్బు’ అంటే దొరుకు. ‘ఏల’లు మొత్తం 6. చెవి, ఒళ్లు, కన్ను, నాలుక, ముక్కు, చివరికి జన్మ. భాగవతం దశమ స్కంధంల రుక్మిణి అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి చేత కృష్ణునికి పంపిన సందేశంలోది. అన్న రుక్మి ఆమెను శిశుపాలునికి ఇయ్యాలని చూస్తున్నడు. అంటే అప్పటికి పెండ్లి కాలేదు కానీ, మనసుల మనిషి ఖాయం.

జనగామ: చెవితోనే మొదలుపెట్టుడు గమనించండి. ఆమె కృష్ణుణ్ణి చూడలేదు, ఇంటికొచ్చినోళ్లు చెప్పంగ విన్నది. ఇప్పటి డేటింగ్ యాప్‌ల ఫొటో ముందు, మాట తర్వాత. ఇక్కడ ఉల్టా.

కరీంనగర్: అందంగనే ఉన్నది గానీ ఆ వరుస శాస్త్రంలోదే. శబ్ద, స్పర్శ, రూప, రస, గంధాలు. పోతన దాన్ని ఒక్క మెట్టు కూడా తప్పకుండ నడిపిండు. ఇది సీసపద్యం: నాలుగు పెద్ద పాదాలల్ల నాలుగు ఇంద్రియాలు, ముక్కు ఎత్తుగీతిల, అంటే సీసం కింద వచ్చే చిన్న పద్యంల (‘గంధ మబ్బలేని ఘ్రాణ మేల’). విన్న ప్రేమ కాబట్టి చెవి ముందు అనుడు మన ముచ్చట.

జనగామ: వరుస శాస్త్రానిదే, ఒప్పుకుంట. ఆ వరుస ఈ పిల్ల కథకు అతికినట్టు కుదిరింది, నేననేది అదే.

పాలకుర్తి: అసలు ప్రశ్నకు వస్తే, నా లెక్కల పొసగదు. కారణం ఛందస్సులనే ఉన్నది. ప్రాణేశ, పురుషరత్నమ, భువనమోహన, దయిత, నీరజాతనయన, ధన్యచరిత: ఆరు ‘ఏల’లకు ఆరు పిలుపులు. ‘ప్రాణేశ’ ఒక పూర్తి గణం (తగణం). తీసేస్తే పాదం కుంటుతది, ‘భాషలు’లోని భా-తో యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో ఉండాల్సిన పొత్తు) కలిపే ప్రా- కూడా పోతది. పిలిచేటందుకు మనిషి లేకుంటే ఈ పద్యం నిలబడదు. ఎవ్వరూ లేరని చెప్పేటోనికి ఇది పనికిరాదు. ఒకరున్నరు, ఇంక దక్కలేదు అనేటోనికి పనికొస్తది.

హన్మకొండ: మరి అబ్బాయి అమ్మాయికి పంపితే? ‘పురుషరత్నమ’ను ‘యువతిరత్నమ’ చేస్తే?

కరీంనగర్: గణం కుదురుతది, యతి చెడుతది. ‘పురుష’లో పు-కు ‘భోగింప’లో భో- మైత్రి. ప, భ ఒకే వర్గం, ఉ-ఓ స్వరాలకు పొత్తు. యు-కు భో-తో పొత్తు లేదు. పైగా ఆమె నోటి పద్యాన్ని ఆమెకే తిప్పి పంపుడు ఏం బాగుంటది?

మంచిర్యాల: ‘సింగిల్’కు ‘ఒంటరి’ అనకండి, ఆ మాట దుఃఖాన్ని ఎంటేసుకొస్తది. ఒంటిపూట బడిల ‘ఒంటి’కి ఏ బాధా లేదు, మనిషికి వాడంగనే బాధ వస్తది. ‘బ్రహ్మచారి’ మొగోళ్లకే నడుస్తది. ‘పెండ్లి కాలే’ అంటే సంగతి మాత్రమే. లేకుంటే సింగిల్ అనే రాయండి. డేటింగూ అంతే; ‘సోపతి’ దోస్తుతనం దగ్గరనే ఆగుతది.

పాలకుర్తి: ఒక్క సంగతి మిగిలింది. స్టేటస్‌లల్ల ఈ పద్యం ఏడుపు లెక్క కనపడ్తది. అదే సందేశంల రుక్మిణి ‘ఉపాయంబు చెప్పెద’ అంటది: అంతఃపురంల కావలి ఉంటది, బంధువులను చంపాల్సి వస్తదని వెనకాడకు, పెండ్లికి ముందు మా వాళ్లు పెండ్లికూతుర్ని కులదేవత యాత్రకు ఊరి బయటికి తోలుతరు, గిరిజకు మొక్కేటప్పుడు వచ్చి తీసుకపో అని. జాగ, సమయం, అడ్డంకి, దాని విరుగుడు, అన్నీ ఉన్నయి. సినిమాలల్ల హీరోయిన్‌కు ఇంత తెలివి రాసేటోళ్లు తక్కువే.

హన్మకొండ: స్టేటస్‌కు ఎంత పెట్టాలె?

కరీంనగర్: సీసం మొత్తం తెర మీద పట్టదు. ఎత్తుగీతి చాలు, అది ఆటవెలది: ‘నీరజాతనయన నీ వనమాలికా / గంధ మబ్బలేని ఘ్రాణ మేల / ధన్యచరిత నీకు దాస్యంబు సేయని / జన్మమేల యెన్ని జన్మములకు’. సీసమే పెడితే అరసున్న (ఁ) దగ్గర పైలం. కీబోర్డుల దొరకకపోతే వదిలేయండి, గణం మారదు. మూడో పాదం ‘నిన్నుఁ బొడగానఁగా లేని’ల ‘గానఁగా’ను నిండుసున్నతో ‘గానంగా’ అంటే లఘువు గురువై పాదం చెడుతది. ‘పొడగా నగాలేని’ అని విడగొట్టకండి, అర్థమే ఉండదు.