కథ చివర చిగురు: ఆశా, తప్పించుకునే దారా?

ఎండుకొమ్మ:
ఈ మధ్య చదివిన చిన్న కథలు చాలావరకు ఒకేలా ముగుస్తున్నాయి. భర్త పోయినావిడ కిటికీ తెరుస్తుంది. ఎండిపోయిందనుకున్న మొక్కకి చిగురు కనిపిస్తుంది. కథ అయిపోతుంది. మరి ఆవిడ భయం ఏమైనట్టు? ఆ రాత్రి ఇంట్లో ఒంటరిగా ఎలా పడుకుంటుంది? అది రాయడం చేతకాక భారమంతా మొక్క మీదకి తోసేశారనిపిస్తుంది. మీరేమంటారు?

తొలకరి:
మరీ అన్యాయంగా మాట్లాడుతున్నారండీ. మా అమ్మ పోయిన కొత్తలో నాకు ఫోన్ మోగితే చాలు, టెన్షన్. పొద్దున్నే ఖాళీ కుండీలో దానంతటదే మొలిచిన గడ్డిని పీకకుండా చూస్తూ కూర్చునేదాన్ని. అమెరికన్ కథకుడు ఓ. హెన్రీ 'ది లాస్ట్ లీఫ్'లో న్యుమోనియాతో మంచం పట్టి, కిటికీ బయటి తీగకున్న చివరి ఆకు రాలితే తనూ పోతాననుకున్న అమ్మాయి బతికింది ఆ ఆకుని చూసే కదా?

ఎండుకొమ్మ:
తొలకరి గారూ, అది ఆకే కాదు! అసలుది రాలిపోయింది. గోడ మీద ఉన్నది ఓ ముసలి చిత్రకారుడు రాత్రి వానలో తడుస్తూ వేసిన బొమ్మ. ఆ జబ్బుతోనే ఆయన పోయాడు. గాలి వీచినా ఆకు కదలదు, అయినా ఆ పిల్లకి అనుమానం రాదు. తీగ చేతులెత్తేస్తే మనిషి ఆదుకున్న కథ అది.

మంచుదారి:
మధ్యలో నా మాట. అమెరికన్ రచయిత జాక్ లండన్, గడ్డకట్టే చలిలో ఒంటరిగా వెళ్తున్న మనిషి మీద 'టు బిల్డ్ ఎ ఫైర్' కథని రెండుసార్లు రాశాడు. 1902లో కుర్రాళ్ళ కోసం రాసినదాంట్లో మనిషి చేతులు కాలుతున్నా మళ్ళీ మంట రాజేసి బతుకుతాడు. 1908లో రాసినదాంట్లో ఆ మనిషి చనిపోతాడు. చెట్టు కిందే మంట వేసి, ఆ చెట్టు పక్కనుంచే పుల్లలు లాగుతుంటాడు. ఆ కాస్త కదలికకే పైకొమ్మల మంచు జారి మంట మీద పడుతుంది. అంతే. చలికి అతని మీద పగ లేదు, జాలీ లేదు. నాకు వెన్నులో వణుకు పుట్టింది అక్కడే. ఇక ఆశ అంటారా, 1902 కథలోనూ అది అడవి ఇచ్చింది కాదు, కాలిన చేతులు తెచ్చుకున్నది. చిగురు కథల్లో ఆ చేతులే కనిపించవు.

తొలకరి:
సగం ఒప్పుకుంటాను. చిగురు వేస్తే వెయ్యనివ్వండి, ఆ తర్వాత ఇంకో పేరా రాయమనండి. ఆవిడ దానికి నీళ్ళు పోస్తుందా, మర్చిపోతుందా అన్నది నాకు కావాలి. అన్నట్టు, నా గడ్డి ఏమైందని ఎవరూ అడగలేదు. ఎండలు ముదరకముందే మాడిపోయింది. కుండీ మాత్రం అక్కడే ఉంది. అందులో ఇంకా ఏమీ వెయ్యలేదు.