టమాటాకు, బీర తీగకు, గేటు ముందు కానుగకు ఏ ఊతం పెట్టాలి?

అల్వాల్ మిద్దెతోట:
నమస్కారం అండీ. మాది అల్వాల్, మూడో అంతస్తు మీద డాబా. గ్రో బ్యాగుల్లో చెర్రీ టమాటా ఉంది, బీర ఇప్పుడే మొలిచింది, చిక్కుడు తొలకరికి పెడదామనుకుంటున్నాను. మొన్న సాయంత్రం గాలిదుమారానికి టమాటాలు కర్రలతో సహా ఒరిగిపోయాయి, కాయలున్న కొమ్మలు విరిగాయి. కింద గేటు ముందు కానుగ మొక్క ఒకటి ఉంది. నాటింది కిందటేడు, వానాకాలం గాలులకే తూర్పుకు వంగింది. నర్సరీలో కట్టిన సన్న కర్ర, ప్లాస్టిక్ దారం ఇంకా అలాగే ఉన్నాయి. మా ఆయన అన్నింటికీ ఇనుప చువ్వలు తెచ్చేద్దామంటున్నారు. ఎండకు కాలి మొక్క మాడుతుందేమోనని నా భయం. వెదురా, పివిసి పైపా, ఇనుమా? జూన్ గాలులు రాకముందే ఏదో ఒకటి చెయ్యాలని టెన్షన్‌గా ఉంది.

నాగోల్ పెరడు:
అమ్మా, ముందు కానుగ సంగతి చూడు. టమాటా పోతే మళ్లీ వేసుకుంటావు, ఆ చెట్టు నీ మనవల దాకా నిలవాలి.

ఆ నర్సరీ దారం ఇవాళే కోసెయ్. బండిలో తెచ్చేటప్పుడు మొక్క విరక్కుండా కట్టిన కట్టు అది, నేలలో నాటాక దాని పని అయిపోయింది. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడులోంచే వేళ్లకు దిగుతుంది. దారం బిగుసుకుంటే ఆ దారి మూసుకుపోయి కట్టుకు పైన కాండం ఉబ్బుతుంది, కింద సన్నగా ఉండిపోతుంది. పెద్ద గాలి వచ్చిన రోజు సరిగ్గా అక్కడే విరుగుతుంది. పొద్దున నడకకు వెళ్లేటప్పుడు నా జేబులో చిన్న కత్తెర ఉంటుంది. ఎవరి గేటు ముందైనా వేపకో కానుగకో కట్టు కోసుకుపోతుంటే ఇంటివాళ్లను అడిగి తీసేస్తాను. చూస్తూ దాటిపోవడం నా వల్ల కాదు.

కట్టు తీశాక మొదలు పట్టుకుని మెల్లగా ఊపు. మట్టి కదిలి చుట్టూ సందు పడితే వేళ్లకు ఇంకా పట్టు దొరకలేదు, ఊతం కావాలి. మొదలు గట్టిగా ఉండి పైభాగం మాత్రమే ఊగుతుంటే ఊగనివ్వు. గాలికి కదిలితేనే కాండం లావెక్కుతుంది. బిర్రుగా కట్టేసిన మొక్క పొడుగు సాగుతుంది గానీ కర్ర తీసిన రోజు నిలబడలేదు.

ఎంత ఎత్తులో కట్టాలంటావా? కాండాన్ని కింద నుంచి పట్టుకుంటూ పైకి వెళ్లు. ఎక్కడ పట్టుకుంటే తల నిటారుగా నిలుస్తుందో అక్కడికి జానెడు పైన కట్టు, అంతకు మించి వద్దు. రెండు సర్వి కర్రలు చాలు, సెంట్రింగ్ సామాను దగ్గర దొరుకుతాయి. మనకు వానాకాలం గాలి పడమర నుంచి వస్తుంది, కాబట్టి ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి, మొక్కకు అడుగున్నర దూరంలో పాతు. రెండడుగులు లోపలికి దిగాలి. మొరం తగిలితే సుత్తితో బాదకు, కర్ర తల చీలుతుంది. గడ్డపారతో గుంట పొడిచి, నీళ్లు పోసి నానాక దింపు.

కట్టడానికి పాత కాటన్ చీర పీలిక మంచిది, సైకిల్ ట్యూబు ముక్క కూడా పర్వాలేదు. కర్రకూ కాండానికీ మధ్య మెలిక పడేలా 8 అంకెలా తిప్పి కట్టు, వేలు దూరేంత వదులు ఉండాలి. బైండింగ్ వైరు మాత్రం దగ్గరికి రానివ్వకు. మధ్యమధ్యలో చూసి వదులు చేస్తూ, వచ్చే వేసవికల్లా కర్రలు పీకెయ్.

ఇక తీగలు. బీరకూ చిక్కుడుకూ ఒకే ఊతం పనికిరాదు. బీర, కాకర, దొండ నులితీగలతో పట్టుకుంటాయి. నులితీగ సన్న తాడునో పుల్లనో చుట్టుకోగలదు, రెండంగుళాల పైపును చుట్టుకోలేదు. పైపు స్టాండు కొన్నా తీగ ఎక్కడం లేదని బాధపడేవాళ్లు దాని మీద వల గానీ కొబ్బరి తాడు గానీ అల్లితే సరిపోతుంది. వల కన్ను చెయ్యి దూరేంత ఉండాలి, లేకపోతే కాయ ఇరుక్కుని అక్కడే ముదిరిపోతుంది. చిక్కుడుకు నులితీగలుండవు, కాండమే మెలి తిరుగుతూ ఎక్కుతుంది. దానికి గరుకుగా ఉన్న వెదురు నిలబెట్టు చాలు. అది తిరిగే వైపే తిప్పు, ఎదురు తిప్పితే విప్పేసుకుంటుంది.

మౌలాలి మొక్కలు:
అంకుల్ బాగా చెప్పారు. ఇనుము గురించి నేను చెప్తాను అక్కా. చువ్వ వాడొచ్చు, కాండం దానికి తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టాలి. పైకొనకు ఖాళీ నీళ్ల సీసా బోర్లించండి, వంగినప్పుడు కంట్లో గుచ్చుకునే ప్రమాదం ఉంది. పివిసి నునుపు కాబట్టి కట్టు కిందికి జారుతుంది. నేలలో పాతితే వెదురుకు చెదలు పడతాయి గానీ, మీ డాబా మీద ఆ బాధ తక్కువ.

అల్వాల్ మిద్దెతోట:
దారం కోసేశాను బాబాయ్ గారూ, బెరడు మీద గాడి పడి ఉంది! మొదలు కూడా కదులుతోంది, రేపే సర్వి కర్రలు తెప్పిస్తాం. గ్రో బ్యాగులో ఒక్క కర్ర నిలవడం లేదు, టమాటాకు ఏం చెయ్యను? బీర పందిరికి స్లాబులో డ్రిల్ వేయిద్దామా?

నాగోల్ పెరడు:
గాడి లోతుగా లేకపోతే పూడుకుంటుంది, దాని మీద మళ్లీ కట్టకు. స్లాబుకు డ్రిల్ వద్దమ్మా, వాన నీళ్లు లోపలికి దిగుతాయి. పెయింటు వచ్చే 20 లీటర్ల డబ్బాలు నాలుగు తీసుకుని, మధ్యలో పైపు నిలబెట్టి కాంక్రీటు పోయించు. పిట్టగోడ వెంబడి పెట్టి, నాలుగు పైపుల తలలూ అడ్డ కర్రలతో కలిపెయ్. వల పైన పరు, పడమర పక్కన నిలువుగా కట్టకు. ఆకు కమ్మాక గాలి మొత్తం దాని మీదే పడుతుంది.

టమాటాకు కొబ్బరి పొట్టు మట్టిలో ఒక్క కర్రకు పట్టుండదు. బ్యాగు అంచున మూడు వెదురు కర్రలు గుచ్చి పైన కలిపి కట్టు. చెర్రీ రకం సాగుతూనే ఉంటుంది, ఆరడుగుల కర్రలు తీసుకో. ఇప్పుడున్న వాటికి అంచునే గుచ్చు, మొదలు పక్కన గుచ్చితే వేళ్లు తెగుతాయి. ఈసారి నారు నాటే రోజే కర్రలు పెట్టెయ్.